ఎండిన వంకకూ గట్టు కావాలి

చిత్తూరు నుంచి పూతలపట్టు మీదుగా తిరుపతి పోయే రోడ్డు కింద ఎన్ని కల్వర్టులున్నాయో రోజూ ఆ దారిన తిరిగేవాళ్లు కూడా చెప్పలేరు. మే నెలలో వాటి కిందికి తొంగి చూస్తే కనిపించేది ఇసుక తోడేసిన గుంతలు, వాటి చుట్టూ ఒత్తుగా పెరిగిన సీమ కంప, గోనె సంచులతో తెచ్చి పారబోసిన చెత్త. నవంబరులో వాయుగుండం పడిందంటే అదే కల్వర్టు మీద నీళ్లెక్కి బస్సులు ఆగిపోతాయి. అందుకే మనకు వంక గురించి రెండే అభిప్రాయాలు స్థిరపడ్డాయి. ఎండాకాలంలో అది ఎవరికీ పట్టని పోరంబోకు, వానాకాలంలో అదొక ప్రమాదం. పోరంబోకు అనుకున్నప్పుడు తవ్వుకుంటాం, దున్నుకుంటాం, చెత్త వేస్తాం. ప్రమాదం అనుకున్నప్పుడు జేసీబీ పెట్టి చెట్టూ పుట్టా గీకించి తిన్నటి కాలువ చేయిస్తాం. ఈ రెండు పనులూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయి. వంక అంటే నీళ్లు పోయే దారి అని మాత్రమే అనుకోవడం ఆ పొరపాటు. దాని ఇసుక, మడుగులు, ముఖ్యంగా రెండు వైపులా ఉండే పచ్చటి గట్టు, ఇవన్నీ కలిస్తేనే వంక. నీళ్లు లేని తొమ్మిది పది నెలలూ దాన్ని బతికించేవి ఇవే. వంకను బాగు చేయాలనుకునే ఏ పథకమైనా నీటి లెక్కతో కాక గట్టుతో మొదలవ్వాలన్నది ఈ వ్యాసం వాదన.

పూతలపట్టు, ఐరాల, తవణంపల్లె, యాదమరి, బంగారుపాళ్యం మండలాల నిండా ఇలాంటి వంకలే. కాణిపాకం గుడి పక్కన పారే బాహుదా వీటన్నిటిలోకీ పేరున్నది. చిత్తూరు పట్టణం మధ్యగా పోయేది నీవా. ఈ నీరు పొన్నై ఏటి దారిన తమిళనాడులోకి దిగి పాలారులో కలుస్తుంది. నీవా సంగతి మరీ విడ్డూరం. కర్నూలు జిల్లా హంద్రీ పేరుతో దీని పేరు కలిపి హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకానికి పెట్టారు. శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీరు 2025 ఆగస్టులో కుప్పం దాకా వచ్చింది. అలా నీవా పేరు రాష్ట్రమంతటికీ తెలుసు. అసలు నీవా మాత్రం సొంత పట్టణంలో మురుగు మోస్తోంది. వందల కిలోమీటర్ల అవతలి నీటిని తెచ్చుకోవడం తప్పని కాదు. చిత్తూరు ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి, ఈశాన్యం రెండూ తడుపుతాయి. అనంతపురంతో పోలిస్తే ఇది చాలా మెరుగు. అయినా బోర్లు వెయ్యి అడుగులకు దిగాయంటే లోటు వానలోనే ఉందని చెప్పలేం. పడిన వాన నేలలోకి ఇంకే చోట్లు పాడైపోయాయి. ఆ చోట్లలో మొదటిది వంక.

వంక నీటిని ఎలా దాచుకుంటుందో చూడాలంటే ఇసుక దగ్గర మొదలుపెట్టాలి. ఒక కిలోమీటరు పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు ఇసుక ఉన్న వంకను ఊహించుకుందాం. అది 40,000 ఘనపు మీటర్ల ఇసుక. ముతక ఇసుకలో రేణువుల మధ్య ఖాళీల నుంచి తీసుకోదగ్గ నీరు నాలుగో వంతు అనుకున్నా 10,000 ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్లు. వేసవిలో ఊళ్లకు నీళ్లు తోలే 5,000 లీటర్ల ట్యాంకర్లయితే రెండు వేలు. పైగా ఆ నీటిని ఎండ తాగలేదు. చెరువులో నిలిచిన నీరు ఏడాదిలో మనిషి ఎత్తుకు తక్కువ కాకుండా ఆవిరైపోతుంది. ఇసుకలో రెండడుగుల కిందికి దిగిన నీరు దాదాపు అలాగే ఉంటుంది. కెన్యాలోని కిటూయి, మచకోస్ ప్రాంతాల్లో వాగులకు అడ్డంగా చిన్న గోడలు కట్టి వాటి వెనుక కావాలనే ఇసుక నింపుకుంటారు, ఈ గుణం కోసమే. మన పెద్దలు వేసవిలో ఏట్లో చెలమ తీసి కడవ ముంచుకున్నదీ ఈ నీటినే. ఇసుక పోతే చెలమ పోతుంది. దాంతో పాటు గట్టు మీది వ్యవసాయ బావిలో ఊట కూడా పోతుంది, ఎందుకంటే వంకలో నీటి మట్టమూ పక్క బావుల్లో మట్టమూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వంకను రెండు మీటర్లు లోతు చేస్తే రెండు వైపుల భూగర్భ జలమూ ఆ మేరకు వంకలోకి జారి వెళ్లిపోతుంది. లోతు చేస్తే ఎక్కువ నీళ్లు నిలుస్తాయన్న మాట చెరువుకు వర్తిస్తుంది, వంకకు వర్తించదు.

ఇసుకను నిలబెట్టేది గట్టు. కానుగ, నేరేడు, మేడి, ఏరుమద్ది చెట్ల వేర్లు గట్టు మట్టిని లోపలి నుంచి పట్టుకుంటాయి. వాటి కింద వావిలి, మొగలి పొదలు, నీటి అంచున తుంగ, రెల్లు. వరద వచ్చినప్పుడు ఈ పొదలు వంగి గట్టు మీద పరుచుకుంటాయి, నీటి వేగాన్ని అంచుల్లో తగ్గిస్తాయి. వేగం తగ్గిన చోట నీరు మోసుకొచ్చిన ఇసుకా ఒండ్రూ అక్కడే దిగుతాయి. గీకేసిన నున్నటి గట్టు మీద నీరు ఎక్కడా ఆగదు, గట్టునే కోసుకుంటూ పోతుంది. కోసిన మట్టి ఎక్కడికి పోతుంది? కింది చెరువులోకి. ఇక్కడ మన లెక్కలు చూస్తే నవ్వు రాక మానదు. చెరువుల పూడికతీతకు ప్రభుత్వాలు ఏళ్ల తరబడి డబ్బు పోస్తున్నాయి. 2015లో మొదలైన నీరు-చెట్టు కార్యక్రమం కింద కూడా రాయలసీమ అంతటా పూడిక తీశారు. ఆ పూడిక ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. చెరువుకు నీళ్లు తెచ్చే వరవ కాలువ, దాని పై వంక, రెండింటి గట్లూ బోడిగా ఉన్నంత కాలం చెరువు పూడుతూనే ఉంటుంది. పూడిక తీయడానికి పిలిచే ఇటాచీనే పై వంకలో జంగిల్ క్లియరెన్స్‌కూ పంపుతున్నామంటే, వచ్చే పూడికకు ఇప్పుడే బయానా ఇస్తున్నట్టు.

ఇక వంకలో బతికే ప్రాణుల సంగతి. వాన వెనుకబట్టాక, డిసెంబరు జనవరిలో, పారుదల సన్నబడిన వంకలో నీడ పడే మడుగు ఒకటి ఎంచుకుని అరచేతంత రాయిని మెల్లగా తిరగేసి చూడండి. అడుగున అంటుకుని మూడు తోకల చిన్న పురుగులు అటూ ఇటూ జారుతుంటాయి. ఇసుక రేణువుల్నీ పుల్లముక్కల్నీ తన జిగురుతో అతికించుకుని చేసిన చిన్న గొట్టంలో మరో పురుగు దాక్కుని ఉంటుంది. పక్కనే బురదలో వేట కోసం కాచుకున్న తూనీగ పిల్ల, రెక్కలు ఇంకా రానిది. రాలిన కానుగ ఆకును బూజు, బాక్టీరియా మెత్తబరిస్తే ఈ పురుగులు దాన్ని నమిలి తింటాయి. వీటిని పరిగెలు తింటాయి, పరిగెల్ని కొరమేను, కొరమేనును నీటికాకి, కొంగ. చిన్న వంకలో ఈ గొలుసుకు మొదటి కొక్కెం ఒడ్డున రాలే ఆకు. నీడ లేని వంకలో ఆకు లేదు. నీడ లేకపోతే నీరు వేడెక్కుతుంది, వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ నిలవదు. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే 35 డిగ్రీల దగ్గర అది 6.9కి పడిపోతుంది. ఆ కాస్త తేడాకే మూడు తోకల పురుగులు ముందు మాయమవుతాయి. ఏ రకం నీళ్లనైనా తట్టుకునే జిలేబీ చేపలూ దోమ పిల్లలూ మిగులుతాయి. తూనీగ పిల్లలు దోమ పిల్లల్ని తింటాయి కాబట్టి, ఇవి పోతే నష్టపోయేది ఒక్క వంకే కాదని వేరే చెప్పాలా.

వీటికి తోడు ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన బెడద ఇంకొకటుంది. చిత్తూరు తోతాపురి మామిడికీ, దాన్ని గుజ్జు చేసే ఫ్యాక్టరీలకూ పెట్టింది పేరు. కాయ కోత జూన్, జూలైల్లో ముమ్మరంగా ఉంటుంది. తొక్కలు, టెంకలు, కడిగిన నీళ్లు వంకలో కలిస్తే వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. మామూలుగా ఏరు పారుతుంటే కొంత పలచబడి కొట్టుకుపోయేది. కానీ జూన్‌లో మన వంకలు పారవు. మడుగుల్లో అడుగూ బొడుగూ మిగిలిన నీళ్లలో చేపలు తలదాచుకునే రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే పులిసిన తొక్కల కుప్ప పడితే ఆ మడుగు పని అయిపోతుంది. తొలకరి వాన వచ్చి కుప్పను కిందికి నెడితే తర్వాతి మడుగుది కూడా అదే గతి. కాబట్టి గట్టున చెట్లు నాటితే అన్నీ సర్దుకుంటాయని ఎవరూ అనుకోకూడదు. మురుగునీ వ్యర్థాల్నీ మూలంలోనే ఆపాలి, గట్టు వాటికి మందు కాదు. పొలాల నుంచి వచ్చే యూరియా సంగతి వేరు, దాన్ని మాత్రం గట్టు పట్టగలదు. అమెరికాలోని మేరీల్యాండ్‌లో మొక్కజొన్న చేలకూ వాగుకూ నడుమ మిగిలిన సన్నటి అడవి పట్టీ మీద 1984లో వెలువడిన అధ్యయనం, తనలోకి వచ్చిన నత్రజనిలో పదింట ఎనిమిది పాళ్లకు పైగా ఆ పట్టీ ఆపేసిందని తేల్చింది. అక్కడి వాన, నేల వేరు, అంకె ఇక్కడ అలాగే రాకపోవచ్చు. పని జరిగే తీరు మాత్రం ఒకటే. చెరకు మడిలోంచి జారిన నీరు నేరుగా వంకలో పడటానికీ, పది అడుగుల గడ్డీ వేర్లూ దాటి పడటానికీ తేడా ఉంటుంది.

ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వంకకు జీవావరణం ఏమిటని కొందరు పెదవి విరుస్తారు. గంగకూ గోదావరికీ చెప్పే మాటలు వంకకు ఎందుకని. ఎండటం వంకకు జబ్బు కాదు, దాని స్వభావం. అక్కడి ప్రాణులన్నీ ఆ స్వభావానికి అలవాటు పడినవే. కప్పలు మట్టిలో దూరి వేసవి గడుపుతాయి. కొరమేను గాలి కూడా పీల్చగలదు, తడి బురద ఉంటే చాలు, కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. పురుగుల్లో చాలావాటి గుడ్లు తేమ ఇసుకలో నిద్రపోతాయి. మిగిలినవి లోతు మడుగుల్లో ఆగి, మళ్లీ ఏరు పారినప్పుడు పైకీ కిందికీ పాకుతాయి. వీటికి కావలసింది ఏడాది పొడవునా పారే నీరు కాదు. తడి ఆరని ఇసుక, నీడ పట్టిన నాలుగు మడుగులు. ఇవి రెండూ గట్టూ ఇసుకా ఇచ్చేవే. నిజంగా చచ్చిన వంక అంటే వేసవిలో ఎండినది కాదు, నవంబరులో రెండు రోజులు ఉరికి మూడో రోజుకు ఖాళీ అయ్యేది.

రెండో అభ్యంతరం గట్టిది, రైతులు చెప్పేది. చెట్లు నీళ్లు తాగుతాయి కదా, ఉన్న కాస్త నీటినీ అవే పీల్చేస్తే మాకేం మిగులుతుందని. ఈ అనుమానానికి ఆధారం కళ్ల ముందే ఉంది, సీమ కంప. 1877లో విదేశీ విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటిన ఈ చెట్టు ఇప్పుడు రాయలసీమలో దున్నని ప్రతి జాగానూ ఆక్రమించింది. అమెరికాలోని అరిజోనాలో గని తవ్వుతుంటే ఈ కోవకే చెందిన చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనిపించింది. వంకలో అడ్డంగా పెరిగి, కింద గడ్డిని కూడా మొలవనివ్వకుండా, లోతు నీటిని తోడుకునే కంపను చూసి చెట్టంటేనే భయపడటంలో వింత లేదు. నీళ్లు తాగని చెట్టు లేదు, కానుగ అయినా అంతే. కానీ లెక్క రెండు వైపులా వేయాలి. గట్టు చెట్టు తాగే నీటికి ప్రతిగా వరద నీటిని నెమ్మదింపజేసి ఇంకేలా చేస్తుంది, మడుగు మీద ఎండనూ గాలినీ తగ్గిస్తుంది, ఇసుకను నిలుపుతుంది. రెండు వరసల నాటు చెట్లను నీలగిరి తోటతోనూ సీమ కంప అడవితోనూ ఒకే గాటన కట్టకూడదు. వంకను తోట చేయమని ఎవరూ అడగటం లేదు. మధ్యలో పారే దారి తెరిచి, అంచుల్లో పలచటి పట్టీ. అంతే.

అలాగని సీమ కంపను ఒక్క దెబ్బతో పీకేయడం కూడా పని కాదు. 2017లో మద్రాసు హైకోర్టు తమిళనాడులో దాని ఏరివేతకు ఆదేశిస్తే పొరుగు జిల్లాల్లో యంత్రాలు దిగాయి. కొన్ని నెలలకే, ఏమీ చూడకుండా పీకడం మంచిదేనా అన్న ప్రశ్న లేచి ఆ పనికి బ్రేకు పడింది. అడిగినవాళ్ల మాటలో బలముంది. కంప చెడ్డదే అయినా ప్రస్తుతం చాలా వంకల్లో గట్టును పట్టుకున్న వేరు అదొక్కటే. అక్టోబరులో పీకి నవంబరు వరదకు బోడి గట్టును అప్పగిస్తే ఇంకాస్త కూలుతుంది. మొదలు నరికి వేరు వదిలేస్తే నాలుగింతలై చిగురిస్తుంది. వంటచెరుకుకూ బొగ్గుకూ దాని మీదే బతికే కుటుంబాలున్నాయి, వాళ్లను అడగకుండా చేసే పని నిలబడదు. కాబట్టి ముక్కలు ముక్కలుగా, ఎగువ నుంచి దిగువకు, వేరుతో తీసిన చోట వెంటనే వేరే మొక్క పెట్టుకుంటూ పోవాలి. ఇందులో కలిసొచ్చే విషయం ఒకటుంది. కొట్టిన కంపే కొత్త మొక్కలకు మేకల నుంచి కంచె.

వరద మాట. 2021 నవంబరు 18, 19 తేదీల్లో కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, స్వర్ణముఖి మీద వంతెనలు దెబ్బతిన్నాయి, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ప్రాణాలు పోయాయి, రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అంతటి వరద చూసినవాళ్లకు వంకలో చెట్లు అంటే నీటికి అడ్డం అనిపించడం సహజం. అందులో నిజం ఉంది కూడా. కొట్టుకొచ్చిన మాను కల్వర్టు కన్నంలో ఇరుక్కుంటే రోడ్డు తెగుతుంది. వంతెనలకూ కల్వర్టులకూ ఎగువన కొంత దూరం వరకు పెద్ద చెట్లు వద్దు, గడ్డీ పొదలూ చాలు, ఏటా అక్టోబరులో అక్కడ చూసి శుభ్రం చేయాల్సిందే. కానీ మిగతా చోట్ల పైన తిన్నగా గీసిన కాలువ కింది ఊరికి మేలు చేయదు. పైన నీరు ఎంత వేగంగా దిగితే కింద అంత ఎత్తున, అంత ఒక్కసారిగా వచ్చి పడుతుంది. కట్టలు తట్టుకోలేనిది ఆ ఒక్కసారినే. అమెరికాలోని ఫ్లోరిడాలో వరద భయంతోనే కిసిమ్మీ నదిని 1962 నుంచి 1971 వరకు తవ్వి, మెలికలు తిరుగుతూ సుమారు 166 కిలోమీటర్లు పారే ఏటిని 90 కిలోమీటర్ల తిన్నటి కాలువగా మార్చారు. నీటి పక్షులు పదింట తొమ్మిది పాళ్లు పోయాయి, మడుగులూ చిత్తడి నేలలూ ఎండాయి. 1999లో మళ్లీ కాలువ పూడ్చి పాత మెలికలు తెరవడం మొదలెట్టి 2021కి పని ముగించారు. పక్షులూ చేపలూ తిరిగొచ్చాయి. దాదాపు వంద కోట్ల డాలర్లు అయింది. తిన్నగా చేయడానికి అయిన దానికంటే వంకర తిప్పడానికి ఎన్నో రెట్లు. అంత డబ్బు మన వంకలకు ఎప్పటికీ రాదు కాబట్టి, తిన్నగా గీసే పనినే ఇప్పుడు ఆపుకోవడం మంచిది.

భూమి పోతుందన్న మాట అన్నిటికంటే సున్నితం. రెండెకరాల రైతుకు గట్టున అయిదు మీటర్లు వదలమంటే సులువు కాదు. వంక వెంట వంద మీటర్ల హద్దు ఉన్న చేనుకు ఆ పట్టీ 500 చదరపు మీటర్లు, పన్నెండు సెంట్ల పైమాట. అయితే చాలా చోట్ల ఆ పన్నెండు సెంట్లు కాగితాల్లో వంక పోరంబోకే, ఏళ్ల తరబడి దున్నుతూ కలుపుకున్నది. మిగతా చోట్ల ఏటా వరద కోసుకుపోతున్నదీ ఆ అంచే. అయినా కొలతగొలుసు పట్టుకుని బెదిరించడంతో మొదలెడితే ఊరంతా ఎదురు తిరుగుతుంది, తిరగాలి కూడా, ఎందుకంటే పెద్దవాళ్ల ఆక్రమణల జోలికి ఆ గొలుసు పోదని జనానికి తెలుసు. పట్టీలో రైతుకు పనికొచ్చేవే పెట్టడం మేలైన దారి. కానుగ రొట్ట మడికి ఎరువు, గింజకు ధర ఉంది. నేరేడు పండు చిత్తూరు బజారులో అమ్ముడవుతుంది. వట్టివేరు, పశువుల గడ్డి, వెదురు. ఫలసాయం పక్క రైతుదేనని పంచాయతీ రాసిచ్చిన రోజున మొక్కకు కాపలా కూడా ఆ రైతే. పలమనేరు, బంగారుపాళ్యం వైపు ఏనుగులూ అన్ని వైపులా అడవి పందులూ పొదల్లో దాక్కుంటాయన్న భయానికి మాత్రం తేలిక జవాబు లేదు. ఏనుగుల దారిలో ఉన్న ఊళ్ల దగ్గర వెదురు పెట్టకపోవడం, ఇళ్ల వైపు పొదల్ని పలచగా ఉంచడం లాంటి సర్దుబాట్లు తప్పవు.

ఇలాంటి పని ఎక్కడైనా ఫలించిందా అంటే, గట్టూ వాలూ కలిపి బాగుపడిన ఉదాహరణ మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. బోడి కొండవాలుల్ని మేపు నుంచీ నరుకుడు నుంచీ కాపాడి, చెట్లు పెంచి, ఊటచెరువులు తవ్వి దశాబ్దాల పాటు నడిపిన ఆ లోయను 1991లో పక్షుల సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు. అది ఒక సంస్థ చేతిలోని నేల, ఊరుమ్మడి నేల కాదన్న తేడా ఉంది. ఊరుమ్మడి ఉదాహరణ కావాలంటే రాష్ట్ర సరిహద్దు దాటి వేలూరు వైపు చూడాలి. పాలారులోనే కలిసే నాగనదిని అక్కడి ఉపాధి హామీ మహిళా కూలీలు 2014 తర్వాత తిరిగి పట్టాలెక్కించారు. ఇంకుడు బావులు తవ్వారు, కాలువలు సరిచేశారు, చెక్‌డ్యాములు కట్టారు. 2021 సెప్టెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో ఆ పని ప్రస్తావనకు వచ్చింది. అక్కడ ఎక్కువగా జరిగింది నీటిని ఇంకించే పని, గట్టు పని కాదు. కానీ అది తేల్చిన విషయం మనకు ముఖ్యం. చిన్న నదుల్ని బాగు చేసే కూలీ బడ్జెట్టు ఊళ్లలో ఇప్పటికే ఉంది, దాన్ని ఏ పనికి వాడుతున్నామన్నదే ప్రశ్న.

ఆ పని ఎప్పుడు, ఎలా అన్నదాంట్లో మన వాతావరణం ఒక మెలిక పెడుతుంది. వనమహోత్సవాలన్నీ జూలై, ఆగస్టుల్లో జరుగుతాయి. గట్టు పై అంచున పెట్టే కానుగ, నేరేడు, ఏరుమద్దికి ఆ అదను సరే, నవంబరు నాటికి కాస్త వేరు పట్టుకుంటాయి. నీటి అంచున మాత్రం జూలైలో నాటింది నవంబరు వరదలో కొట్టుకుపోవడం ఖాయం. అక్కడ వరద తగ్గాక, డిసెంబరులో ఇసుక ఇంకా తడిగా ఉండగా నాటాలి. తుంగ, రెల్లు దుబ్బులు తెచ్చి గుచ్చాలి. వావిలి కొమ్మలు విరిచి వాలుగా పాతితే చిగురిస్తాయి, నర్సరీ ఖర్చు కూడా ఉండదు. నిటారుగా కూలిన గట్టుకు మొదట వాలు చెక్కాలి, లేకుంటే ఏ మొక్కా నిలవదు. మొదటి రెండు మూడు ఎండాకాలాలు మేకల నుంచి కాపాడటం నాటడం కంటే పెద్ద పని. ఇసుక తోడటం ఆగకపోతే ఇదంతా దండగ. చిన్న వంకల్లో ఇసుక అమ్మకానికి తీయడం మీదా, వంతెనల దగ్గరా తాగునీటి బావుల దగ్గరా తవ్వడం మీదా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టమూ దాని నిబంధనలూ ఆంక్షలు పెట్టాయి. 2024 జూలైలో వచ్చిన ఉచిత ఇసుక విధానం ఈ ఆంక్షల్ని రద్దు చేయలేదు. ఉచితం అన్న మాటను ఎక్కడైనా తోడుకోవచ్చు అని చదువుకోవడం జరుగుతున్న పొరపాటు.

బాధ్యత ఎవరిదన్న చోట అసలు చిక్కు. 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. సంఘం చూపు తూము నుంచి పొలం దాకా, మహా అయితే కట్ట, మొరవ దాకా. చెరువులోకి నీరు తెచ్చే వంక సంఘానిది కాదు. అది రెవెన్యూ కాగితాల్లో పోరంబోకు, గనుల శాఖకు ఇసుక, పంచాయతీకి చెత్త వేసే చోటు, అటవీ శాఖకు తన హద్దు బయటి నేల. పూడిక భారం మోసేది మాత్రం చెరువు కింది ఆయకట్టు రైతులు. కాబట్టి చెరువు సంఘానికే దాని ఎగువ వంకలో మొదటి కిలోమీటరును అప్పగించి చూడటం వివేకం. కూలీ ఉపాధి హామీ నుంచి, ఫలసాయం గట్టు రైతులకు, మొక్కలకు మూడేళ్ల కాపలా ఖర్చు అంచనాలోనే పెట్టి. ఆ కిలోమీటరుకు ఎగువన మురుగు కలవని చోటు, కల్వర్టుకు దూరంగా ఉన్నది, ఇసుక ఇంకా రెండడుగులైనా మిగిలినది ఎంచుకోవాలి. పనికి ముందు మే నెలలో ఒకసారి, తర్వాత మూడు మే నెలల్లో గట్టు బావుల్లో నీటి మట్టం కొలిచి పంచాయతీ గోడ మీద రాయాలి. దాంతో పాటు జనవరిలో రాళ్లు తిరగేసి ఏ పురుగులున్నాయో ఊరి హైస్కూలు పిల్లలు లెక్క పెట్టగలరు, దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, చేతిలో భూతద్దం ఉంటే సరిపోతుంది.